నీలం పట్టీ

మల్లేపల్లి దాటినంక
ఎడమ దిక్కు ఒక కమాను, దాని మీద
ఎవ్వరూ ఎన్నడూ పుట్టని ఒక పల్లె పేరు.
గేటు కాడి పిల్లగాడు మా నలుగురి చేతులకు
నీలం పట్టీలు ఏసిండు.
"రేపు పదకొండు దాకా తియ్యొద్దు మేడం,
తీస్తే అన్నం పెట్టరు."

బ్యాగులు తెరిచి చూసిండ్రు.
మా అత్త ఈదమ్మ టిఫిను డబ్బల తెచ్చిన సర్వపిండిని
టోకెన్ ఇచ్చి పక్కకు పెట్టిండ్రు, చెప్పుల లెక్క.
ఆ టోకెన్‌ను ఆమె
పట్టా కాయితం దాసినట్టు దాసుకున్నది.

నిజం చెప్పాలె గదా,
నాకు సంబురమే అయింది.
గిన్నెల చప్పుడు ఇనొస్తది, నాది కాదు.
పోపు ఎవరో మాడ్చిండ్రు, నేను కాదు.
మిర్యాలగూడ మిల్లు దుమ్ము దగ్గుతోని
పదేండ్ల సంది సగం నిద్రే పోయే సైదులు
నులక మంచం మీద
పన్నెండు నుంచి మూడు దాకా
నోరు తెరిచి పండుకున్నడు.
చిట్టి పాడుకున్న పైసలు గదా,
ఒక్కొక్క గురకకు ఎంత పడ్డదో
మనసుల లెక్క కట్టిన.
తర్వాత సిగ్గయింది.

అక్కడ ఒక బాయి ఉంది.
గిలక ఉంది, చాంతాడు ఉంది, బొక్కెన ఉంది,
అడుగున సిమెంటు.
ఫోటో దిగనీకి.
మోక్షిత బొక్కెన ఇడిస్తే
టంగుమని మోగింది.
"నానమ్మా, నీళ్ళేవి?"
మా అత్త నవ్వింది.
మర్రిగూడ దిక్కు నీళ్ళకు గారపట్టిన ఆ పండ్లు
ఆమె ఊకె చూపియ్యదు.
"మా బాయిల ఉండె బిడ్డా.
తాగకపోతే బాగుండేది."
గంతే అన్నది.

ఎడ్లబండి రూప్లా తోలుతడు.
మూడు తిప్పులు, పట్టీ ఉంటే పైసలు లేవు.
తలకు కంపెనీ ఇచ్చిన ఎర్ర రుమాలు,
అది చుట్టుకునుడు ఈడికొచ్చినంకనే
ఫోన్ల చూసి నేర్చుకున్నడట.
"బొంబాయిల పన్నెండేండ్లు రాళ్ళు మోసిన్నక్కా.
ఇప్పుడు ఒక్క జాగల తిరుగుడే.
పొద్దుగూకితే తండాకు నడిచిపోత.
మస్తుంది."
జాలి పడదామని తయారుగ కూసుంటి.
ఆ సందు నాకు ఇయ్యలే ఆయన.

చీరతోని పూల్‌ల దిగొద్దని బోర్డు.
నైలాన్ బట్టలు కిరాయికి ఉన్నయట.
మా అత్త బోర్డు చదవదు,
అయినా దిగలే.
గట్టు మీద కూసోని, చీర పైకి జరిపి,
కాళ్ళు నీళ్ళల్ల పెట్టింది.
వంకర పోయిన ఆ మోకాళ్ళు
పెండ్లయిన పద్నాలుగేండ్లకు
మొదటిసారి చూసిన.
చీకటయింది. నీళ్ళ లోపల దీపాలు ఎలిగినయి.
లేవమంటే లేవదు.
"ఇన్ని నీళ్ళు ఏడియే?"

దారిల మా కారును దాటిపోయిన రెండు ట్యాంకర్లు
ఇదే గేట్ల దూరినయి.
ఏ ఊరి బోరు కాడ నింపుకుంటయో,
ఆ ఊర్ల బిందెలు ఎప్పుడు నిండుతయో.
అడిగింది గానీ, చెప్పలే.
చెప్తే కాళ్ళు తీసేస్తదని.

తెల్లారి బఫేల
తిన్న ప్లేటు తనే కడగపోయింది,
ఇద్దరు పిల్లలు ఉరికొచ్చి గుంజుకున్నరు.
ఎవరో దొంగతనం పట్టినట్టు
చేతులు ఎనకకు పెట్టుకున్నది.

పదకొండుకు గేటు బయట
టోకెన్ ఇచ్చినం, సర్వపిండి వచ్చింది.
అట్ట తీరు గట్టిపడ్డది.
కార్ల నలుగురం ఇరుసుకోని తిన్నం.
రెండు రోజుల్ల ముప్పై రకాలు తిన్న నోర్లు
ఒక్క మాట మాట్లాడలే.
పత్తి చేన్లు, ఆటోల మీద నీళ్ళ క్యాన్లు,
ఏవీ ఫోటో కోసం పెట్టినయి కావు.
నాకైతే అంత అందంగ గూడ కనిపియ్యలే.

మిగిలినోళ్ళ పట్టీలు ఇంటికి రాంగనే కత్తిరిచ్చిన.
నాది సోమవారం గూడ చేతికే ఉంది.
గిన్నెలు తోముతుంటే తడిసింది,
పూల్ మందు వాసన సన్నగ లేసింది.
కత్తెర కిటికీల్నే ఉంది.

ఎనక నుంచి మా అత్త,
బియ్యం చెరుగుకుంట, అడిగింది:
"మనం లేనప్పుడు గూడ
ఆ నీళ్ళు గట్లనే ఉంటయా?"