కుడిపక్క బొత్తాలు

ఉలాన్‌బాతర్ అంగడిలో
నీలం పట్టు దేల్ ఒకటి, గంటకింతని అద్దె.
తొడుక్కున్నాను. గుమ్మం ముందు నిలబడి
పెళ్లికి పిలవని చుట్టంలా నవ్వాను.
తిరిగిచ్చేటప్పటికి
దానికి నా చెమట కూడా అంటలేదు.

ఇది ఆ దేల్ సంగతి కాదు.

అర్హంగైలో యాంజ్మా గుడారం. మూడో రోజు
గుర్రం దిగుతూ ఆమె మణికట్టు బెణికించుకుంది.
ఐదు పాడి ఆవులు. మొగుడు మందతో కొండ అవతల.
నాకొచ్చు, పదేళ్లప్పుడు నేర్చుకున్నదేనని
వేళ్లతో గాలిని పిండి చూపించాను.
ఎర్రావు నా నారింజరంగు జాకెట్టు చూసి
ముక్కు చీదింది. బకెట్టు తన్నింది.

యాంజ్మా నవ్వలేదు.
ఒంటిమీది దేల్ విప్పింది.
మట్టిరంగు. మోచేతుల దగ్గర మాసికలు. లోపల గొర్రెతోలు.
పేడ, పొగ, పులిసిన పాలు, ఆమె మెడ
అన్నీ కలిసిన వాసన,
చీకట్లో కూడా ఇల్లు చేర్చేంత.

పైట సర్దుకునే చెయ్యి నాది,
అలవాటుగా ఎడమ భుజాన్ని వెతుక్కుంది.
బాగున్న చేత్తో ఆమె దాన్ని పట్టి
కుడిపక్కకు తెచ్చింది: ఇక్కడ, ఇక్కడ, ఇంకా కింద.
గుడ్డ ముళ్ల బొత్తాలు, చింతగింజంత ఒక్కోటి.
పసుపు నడికట్టు ఒక కొస నా చేతిలో,
రెండో కొస ఆమె పళ్లమధ్య.
లాగింది. ఊపిరి కొంచెం తగ్గి
నడుము నిటారైంది.

ఊవ్, ఊవ్ అనమంది.
నా గొంతులో అది ఊయల పాటలా పలికింది.
ఎర్రావు చేతిఅంచు వాసన చూసింది.
చాలాసేపు చూసింది,
సంతకం పోల్చే బ్యాంకు గుమాస్తాలా.
తర్వాత నా వేళ్ల సంగతి వదిలేసి
యాంజ్మాకి చేపింది.

అవును, ఆమెకే.
నేను మధ్యలో ఉన్న చేతుల్ని, అంతే.

సగంలో కాలెత్తితే నోరు జారింది:
"ఆగవే తల్లీ."
ఒక చెవి ఇటు తిరిగింది.
ఈ గడ్డిలో మొలవని మాట.
ఆలోచించింది కాబోలు,
ధార మాత్రం ఆపలేదు.

ఫోను రొమ్ముమడతలో ఉంది,
ఎండు జున్నుముక్కల పక్కన, చలికి ఆరిపోయి.
వెలిగి ఉన్నా
తీసే చెయ్యి ఖాళీ లేదు.

తొమ్మిదో రోజుకి మణికట్టు నయమైంది.
దేల్ తిరిగిచ్చాను.
తొడుక్కోబోతూ యాంజ్మా మెడపట్టీ ముక్కుకానించుకుని
ఏదో అంది, గట్టిగా, ఆవుల వైపు చూస్తూ.
శనివారం బడి నుంచి వచ్చిన మనవరాలు దులమ్
వచ్చిన ఇంగ్లీషులో నాకు చెప్పింది:

"అవ్వ అంటోంది,
ఇవాళ మా ఆవు నన్ను అనుమానిస్తుందేమో."