ఎక్కేటప్పటి బరువు

దేవరకొండ జూనియర్ కాలేజీ ల్యాబుల
పదకొండు కంప్యూటర్లు.
ఒక్కోదానికి ఒక్క జీబీ ర్యామ్,
కొన్నిటికి పక్క రేకు లేదు,
లోపల ఫ్యాను మీద చీమలు పెట్టిన మట్టి.
పైసలడగని లినక్స్ వేద్దామంటే
ఇన్‌స్టాలర్ ముప్పై ఏడు శాతం దాకా వచ్చి
ఎండకాలం బోరు లెక్క
గుర్రుమని, గాలి కక్కి, ఆగేది.

లోపలికి తొంగి చూస్తే
సిస్టమ్ తప్పేం లేదు.
పెండ్లికొడుకు సన్నగనే ఉన్నడు,
బరాతే తలుపుల పట్టలేదు.

ఆ రాత్రి నుంచి తీసెయ్యడం మొదలు పెట్టిన.
కాపీ అయ్యేదాక ఆడే బొమ్మల వరుస, తీసేసిన.
ఊరు ఎంచుకోమనే ప్రపంచపటం:
దాంట్ల కలకత్తా ఉంది, ఖాట్మండు ఉంది,
డిండి లేదు. తీసేసిన.
మెరిసే బటన్లు, వాటి కింది నీడలు.
నీడకు కూడ మెమరీ కావాలని
నాకు అప్పుడే తెలిసింది.

నల్ల తెర, తెల్ల అక్షరాలు, నాలుగు ప్రశ్నలు.

మా నాయిన తాడెక్కేటప్పుడు
నడుముకు మోకు, కాళ్లకు గుజి,
కత్తి, లొట్టి. అంతే.
చుట్ట కూడ చెట్టు మొదట్లనే పెట్టిపోతడు.
"పైకి పోయినంక బరువైతున్నదంటే
అది కిందనే ఉండాల్సింది" అంటడు.
ఆ మాటను కోడ్ మొదటి వరుసల రాసి పెట్టుకున్న.
మూడు వారాలల్ల
ఆరు వందల ఎంబీ నలభై అయింది.
అది సన్నబడ్డకొద్ది
నేను ఉబ్బిన.

మొదటి పరీక్షకు సబావత్ చాందినిని కూసోబెట్టిన.
ఫస్టియర్, ఎంపీసీ,
తండ నుంచి పొద్దుగాల ఏడు గంటల బస్సుకొస్తది.
భాష ఏదంటే తెలుగు నొక్కింది.
తెర నిండ డబ్బాలు.
ఖాళీ డబ్బాలు, వరుసకు వరుస,
బట్టీ కాడ ఆరబోసిన ఇటుకల లెక్క.
"ఇదేం భాష సార్?"

నేను తీసేసిన వాటిల మన లిపి కూడ ఉంది.
పదకొండు ఎంబీ: గుణింతాలు,
ఒత్తును అక్షరం కింద
పడిపోకుండ నిలబెట్టే నేర్పు.

అదన్న నయం, మళ్ల తెచ్చిపెట్టొచ్చు.

స్టూడియో జాని పాషా తన పాత సీపీయూ తెచ్చిండు.
"ఒక్క నిమిషం పట్టదన్నా" అన్న.
నిజంగనే పట్టలేదు.
డిస్కుల ఉన్నదంత పోతది, సరేనా
అని అడిగే తెరను
అంతకుముందు రోజే కోసేసిన,
ఎవరైనా సరే అనే కద నొక్కుతరు అని.

పద్నాలుగేండ్ల ముఖాలు.
హాల్‌టికెట్ సైజులు, రేషన్ కార్డు జంటలు,
బతికినప్పుడు ఒక్కసారే దిగి
పోయినంక పెద్దగ చేయించుకునే ఫొటోలు.

పాషా ఒక్క మాట అనలేదు.
సీపీయూను తువ్వాలల చుట్టి
పసిపిల్లను పెట్టుకున్నట్టు
బండి ముందట పెట్టుకొని పోయిండు.

మోకు కూడ బరువే కద అని
ఇంటికాడ పెట్టిపోయినోడు ఎట్ల దిగుతడు?
నాయిన ఆ సంగతి చెప్పలేదు.
చెప్పే పని ఉంటదని అనుకోలేదేమో.

ఇప్పుడది యాభై ఒకటి. ప్రశ్నలు అయిదు.
అయిదో ప్రశ్నకు పట్టింది మూడు వందల బైట్లే.
తెలుగుల రాసిన.
మీట నొక్కితే చాలదు,
"అవును" అని ఒక్కో అక్షరం
కొడితేనే కదులుతది.

పదకొండిట్ల తొమ్మిది లేచినయి.
పదోదాని ముందట చాందిని
"అవు" దాక కొట్టి చెయ్యి తీసింది.

"దీంట్ల ఎవరియన్న ఉన్నయా సార్?"

కుర్చీ దగ్గరికి జరుపుకున్న.
ఇద్దరం చూస్తున్నం.