నీలి మంటకి కాపలా

లాస్ ఆంతిగ్వోస్ క్యాంపులో ప్లగ్గు పీకి
తీగ చుట్ట చుడుతూ ఎవరిస్తో అన్నాడు:
"ఇక మన కరెంటు మనదే."
ఆ మాటలో కాస్త గర్వం, కాస్త జంకు.
ఫ్రిజ్జులో కిలో చెర్రీలు, గొర్రె తొడ,
వెన్న, సగం కోసిన నిమ్మకాయ.

దానికి మూడు నోళ్ళు.
ఊళ్ళో గోడ కరెంటు తాగుతుంది,
దారిలో ఇంజను పెట్టింది తింటుంది,
ఆగిన చోట బ్యాటరీని నంజుకుంటుంది.
మొదటి రాత్రి మాకీ సంగతి తెలీదు.
తెల్లారేసరికి దీపం మిణుకుమంటోంది,
పంపు దగ్గి ఊరుకుంది.
బిస్కట్ అట్ట మీద ఆంపియర్లు గుణించి
ఎవరిస్తో తల పట్టుకున్నాడు:
"ఇది ఫ్రిజ్జు కాదే, మీ తమ్ముడు."

ఇక మిగిలింది గ్యాసు.
బండి పక్కన జాలీ తలుపు, దాని లోపల
గోరంత నీలి మంట.
బయట నిప్పు పెడితే లోపల చల్లబడుతుందట!
ఎలాగంటే అమ్మోనియా అన్నాడు, ఆవిరన్నాడు,
చేతులు పైకీ కిందకీ తిప్పాడు.
ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురం తర్వాత
నాకదేం వింత కాదు.
కొందరు మండితే గానీ చల్లబడరు.

బండి ఒరిగితే దానికి అలక.
సాసర్లో నీళ్ళు పోసి చూసుకుంటూ
ఎడమ చక్రం కింద పలక, పలక కింద రాయి.
అన్నీ కుదిరాక గాలి.
ఈ పటగోనియాలో గాలికి పేరెందుకు?
గాలి లేని రోజుకి పెట్టాలి పేరు.
మంట ఆరేది. వెలిగించేవాళ్ళం. ఆరేది.
చెర్రీలే కదా అని మూడోసారికి వదిలేశాం.

అప్పుడొచ్చాడు గుమెర్సిందో.
గొర్రెల బొచ్చు కత్తిరించేవాడు,
రోడ్డు పక్క అతని లారీ యాక్సిల్ విరిగి రెండ్రోజులు.
తడిపిన ఉన్ని మేజోడు ఒకటి చంటిపిల్లలా పట్టుకుని
గుమ్మం దగ్గర నిలబడ్డాడు.
మేజోట్లో ఐదు ఇన్సులిన్ పెన్నులు.
"పగలు లారీలో ఉడుకుతున్నాయమ్మా,
రాత్రి బయట పెడితే గడ్డకడతాయి.
రేపు మధ్యాహ్నం దాకా కాస్త..."

ఎవరిస్తో ఏమీ అనలేదు. బూట్లు వేసుకున్నాడు.
పలకలు తీసి, బండిని పూర్తిగా తిప్పాడు,
జాలీ గాలికి వీపయ్యేట్టు.
మళ్ళీ పలక, మళ్ళీ రాయి, మళ్ళీ సాసరు.
నేను గొర్రె తొడ బయటికి తీసి
ముగ్గురికీ వండేశాను.
పెన్నులు తలుపు అరలో పెట్టాను,
చలి పలకకి దూరంగా, వెన్న పక్కన.

ఆ రాత్రి ఆ తలుపు ఎవరం తెరవలేదు.
దీపం వేయలేదు. మాతే మాత్రం తాగాం చీకట్లోనే,
ఒకే గొట్టం చేతులు మారుతూ.
గుమెర్సిందో తన కూతుళ్ళ గురించి చెప్పాడు,
పందెంలో గెలిచిన కత్తెర గురించి చెప్పాడు,
చక్కెర గురించి మాత్రం ఒక్క ముక్కా చెప్పలేదు.

పదకొండుకి లేచాను. ఉంది.
ఒంటిగంటకి తను లేచాడు. ఉంది.
రెండింటికి గాలి దిక్కు మార్చింది.
ఇద్దరం దుప్పట్లు కప్పుకుని బయటికెళ్ళి
జాలీకి అడ్డంగా, కాస్త ఎడంగా నిలబడ్డాం,
మంటకి ఊపిరాడాలి కదా మరి.
ఎప్పుడు లేచాడో, మా పక్కన మూడో మనిషి.
తన మందుకి తనే గోడ.
అంతమంది పెద్దవాళ్ళం
గోరంత వెలుగుకి వీపులిచ్చి
పళ్ళు కటకటలాడిస్తూ నిలబడ్డం చూసి
దూరాన ఒక గ్వానాకో మెడ సాచింది.

మధ్యాహ్నం మెకానిక్ వచ్చాడు.
గుమెర్సిందో పెన్నులు లెక్కపెట్టుకోలేదు.
మేజోడు మళ్ళీ తడుపుకుని వెళ్ళిపోయాడు.

చెర్రీలు మెత్తబడ్డాయి. జామ్ కాచాను.
ఫ్రిజ్జులో ఇప్పుడు వెన్న, ఆ సగం నిమ్మకాయ.
అయినా రెండింటికి మెలకువ వస్తుంది.
పక్కన చూస్తే మంచం ఖాళీ,
బయట జాలీ దగ్గర బూట్ల చప్పుడు.
"ఉందా?" అంటాను.
"ఉంది, పడుకో" అంటాడు,
నిమ్మకాయ కోసమే అయినట్టు.