ఎవరూ లేని నీళ్ళు

మొయ్‌నాక్ ఆసుపత్రిలో కుళాయి తిప్పితే
ముందు దగ్గు, తర్వాత నీళ్ళు.
బకెట్టు అడుగున ఎప్పుడూ ఒక తెల్లటి పొర.
"సముద్రం పోతూ పోతూ
ఇంటింటికీ ఇంత ఉప్పు పంచిపోయింది"
అంటాడు తాత, ఎవరినీ తప్పు పట్టని గొంతుతో.

నా పని ఆవిరితో.
మూడేళ్ళ కిందట, నేను తీసిచ్చిన డ్రమ్ము తెరిచి
డాక్టర్ తనిర్‌బెర్గెన్ ఒక ఫోర్సెప్స్‌ని దీపం కిందికి ఎత్తాడు.
కీలు దగ్గర గోధుమరంగు మచ్చ.
"రక్తమా? తుప్పా?"
నేను నీళ్ళు నమిలాను.
తప్పు ఆ నీళ్ళదే.
మరిగి మరిగి, తాము పైకి పోతూ
మోసుకొచ్చిన బరువంతా
ఉక్కు మీద దించేసి పోయాయి.
క్రిములు చచ్చాయి, నిజమే.
చచ్చిన సముద్రాన్ని మాత్రం సూదిమొన మీద పెట్టి
మనిషి కడుపులోకి ఎట్లా పంపను?

ఆ చలికాలమే ఆటోక్లేవ్ హీటరు కాలిపోయింది.
విప్పి చూస్తే తీగ కనబడలేదు.
వేలి మందాన గార,
మాను బెరడులా పొర మీద పొర.
నేను పుట్టిన ఏడు ఏ పొరో.

తర్వాత నూకుస్ నుంచి డిస్టిలర్ వచ్చింది.
గంటకి నాలుగు లీటర్లని కాగితం మీద రాసుంది,
మా ఊరి కరెంటుకి ఆ కాగితం చదవడం రాదు.
చుక్క.
ఆగు.
చుక్క.
మీటరు ముల్లు సున్నా పక్కన కూర్చున్నాకే
సీసా మూత బిగిస్తాను.
దాని మీద నా చేతిరాత: ఆవిరికి మాత్రమే.

అయినా అడిగేవాళ్ళు అడుగుతూనే ఉంటారు.
అంబులెన్సు జుమాబాయ్‌కి బ్యాటరీలోకి ఓ సీసా
(ఇస్తాను, బండి కదలకపోతే నా ఆవిరి ఎవరికి?).
లెక్కల గుమాస్తా భార్యకి ఇస్త్రీపెట్టెలోకి
(ఇవ్వను).
తాతకి, తాగి చూడటానికి.

గ్లాసులో పోసి ఇచ్చాను.
ఇరవయ్యేళ్ళు వల లాగిన మనిషి
నోట్లో అటూ ఇటూ తిప్పి
గుమ్మం అవతల ఉమ్మేశాడు.
"దీన్లో ఎవరూ లేరే!"
"లేకుండా చెయ్యడానికే నాకు జీతం, తాతా."
పాల టీకి మళ్ళీ కుళాయి నీళ్ళే పెట్టుకున్నాడు.
తిన్న ఉప్పు మీద అంత విశ్వాసం.

మొన్న గురువారం రాత్రి రెండింటికి
ఉల్‌బోసిన్ కడుపులో బిడ్డ అడ్డం తిరిగింది.
సాయంత్రం నుంచి కరెంటు వచ్చీ పోయీ,
సీసాలో మూడు వేళ్ళ నీళ్ళు.
పక్కనే కుళాయి ఒకసారి దగ్గింది.
ఒక్కసారికి ఏమవుతుందిలే
అన్నారెవరో, అచ్చం నా గొంతుతో.
చెయ్యి కూడా కుళాయి దాకా పోయింది,
అబద్ధమెందుకు?

జుమాబాయ్ గడప దగ్గర నిలబడి ఉన్నాడు.
కోటు లోపలి నుంచి
నేనిచ్చిన సీసా, మూత కూడా తియ్యనిది.
"బ్యాటరీ రేపు చస్తే రేపు చూద్దాం."
థాంక్స్ చెప్పకుండా ముల్లు పెట్టి చూశాను.
సున్నా పక్కనే కూర్చుంది.
అప్పుడు చెప్పాను.

నూట ముప్పై రెండు డిగ్రీలు. ఇరవై నిమిషాలు.
టేపు మీద చారలు నల్లబడ్డాయి.
డ్రమ్ము లోపల గుడ్డలు పొడిగా, కత్తెర మీద
నా ముఖం తప్ప ఏ మచ్చా లేదు.

ఇవాళ పొద్దున బిడ్డ అమ్మమ్మ
తొట్టిలో కుళాయి నీళ్ళు పట్టి
అవి చాలవన్నట్టు
గుప్పెడు ఉప్పేసి కలుపుతోంది.
చర్మం గట్టిపడుతుందని, మా వైపు ఆచారం.
మాస్కు కిందికి లాగి ఏదో అనబోయాను.
"ఊరి నీళ్ళు పడాలి కదమ్మా దీనికి"
అంది, తల ఎత్తకుండానే.
బిడ్డ కాళ్ళు విదిల్చి నా బూట్లు తడిపింది.

లోపలికి పోయి డిస్టిలర్ ప్లగ్గు పెట్టాను.
మొదటి చుక్కకి చాలాసేపు పట్టింది.