సున్న పడని స్టాంపు

కందుకూరు కోర్టు ఎదుటి వరసలో
నా జిరాక్సు బంకు,
పక్కనే మాల్యాద్రి రబ్బరు స్టాంపుల కొట్టు.
పదహారేళ్లు మా మధ్య ఒక రేకు గోడ,
దాని కిందుగా పాకి వచ్చే కాలిన రబ్బరు వాసన.

జిల్లా మారిన ఏడాది ఆయన కొట్టు మూసేశాడు.
పోతా పోతా బిస్కెట్ల డబ్బా ఒకటి నా బల్ల మీద పెట్టి
"పారేయబుద్ధి కాలేదు మే,
నువ్వే ఏదన్నా చేసుకో" అన్నాడు.

మూత తీస్తే
బదిలీ అయిపోయిన తహశీల్దార్లు,
ఎత్తేసిన సొసైటీ అధ్యక్షుడు,
అడ్వాన్సు ఇచ్చి మళ్లీ రాని నోటరీ,
రద్దు, నకలు, చెల్లించడమైనది.
అందరూ అటు తిరిగి కూర్చున్నారు.
స్టాంపులో అక్షరం మనకెప్పుడూ వీపే చూపిస్తుంది.

బ్లేడు తీసుకుని ముందుగా
"ప్రకాశం జిల్లా"లోంచి జిల్లాని కోసేశాను.
మిగిలింది వెలుతురు.
దాన్ని పసుపు సిరాలో అద్ది
ఉలవపాడు మామిడిపండ్ల పెట్టె అట్ట మీద కొట్టాను.
అదీ నా మొదటి గ్రీటింగు కార్డు.

ఇక చెయ్యి ఊరుకుంటేనా!
తహశీల్దారు తలకట్లు ఒలిచి పైకి వదిలితే పిట్టలు.
ఠాణాలోని ఠ చేపకి కన్ను.
గృహనిర్మాణ సంస్థ వట్రసుడి
సొరతీగె కొసన మెలిక.
పెళ్లిపత్రికల జరీ అంచులు, సాంబ్రాణి కవర్లు,
మలైకాజా పెట్టెలోని వెండి కాగితం,
నా మిషను నమిలి ఉమ్మేసిన కాగితాలు కూడా
మైదా జిగురుకి అతుక్కుపోయాయి.

అంగట్లో దొరికే కార్డులకి
పుట్టినరోజూ పెళ్లిరోజూ తప్ప ఇంకోటి తెలీదు.
నావి వేరే.
మూడోసారికి లైసెన్సు వచ్చిన ఆటో చినపెంచలయ్యకి ఒకటి.
ఆగిన పింఛను మళ్లీ పడ్డ సుబ్బరత్నమ్మకి ఒకటి.
గేదె పోయిందని స్టేషన్లో ఇవ్వను
అర్జీ నాలుగు కాపీలు తీయించుకుంది రమిజాబీ.
సాయంత్రానికి గేదె తనే నడిచొచ్చింది.
ఆ కార్డు గేదె పేరనే రాశాను.

వాళ్లమ్మ మరణ పత్రానికి
పది నకళ్లు తీసుకుంది ఒక పిల్ల.
పదకొండో కాగితంగా మడిచి పెట్టాను.
మాటలేం లేవు అందులో,
మూలన ఒక్క పిట్ట.
చిల్లర లెక్కపెడతా చూసింది.
ఏమీ అనలేదు.
మిగతావాటితో కలిపి
పిన్ను కొట్టమంది.

డబ్బా అడుగున పెద్ద స్టాంపు ఒకటుంది.
ఏ ఎన్నికలప్పుడో ఎవరో చేయించుకుని
ఒక్కసారి కొట్టి చూసి విసిరికొట్టిన సరుకు.
శుభాకాక్షలు.
సున్న పడలేదు.
అందుకని ప్రతి కార్డు మీదా
కాకీ క్షకీ మధ్య ఆ ఇరుకులో
చిటికెన వేలు సిరాలో అద్ది
సున్న నేనే పెడతాను.

మొన్న మాల్యాద్రి వచ్చాడు, ఆధార్ నకలు కావాలని.
రేషను మిషను ఆయన బొటనవేలు ఒప్పుకోలేదంట.
వేడి అచ్చులు తాకీ తాకీ
గీతలన్నీ అరిగిపోయాయి.
"ఊరందరికీ ముద్రలు చేసి పెట్టానా,
నాకు లేదంట మే!"

దండేనికి క్లిప్పు పెట్టి ఆరేసిన కార్డొకటి తీసి
ఎండకి ఎత్తి, వెనక నుంచి చదివాడు.
పాత అలవాటు.
"ఇది నా తప్పే గదా" అన్నాడు.
"ఇటియ్యి, కొత్తది చేసిస్తా."
"వద్దులే" అని
సిరా పెట్టె ఆయన ముందుకి జరిపాను.

చూపుడు వేలు అద్ది పెట్టాడు.
నేను పెట్టే సున్నలో చుట్లు చుట్లుగా గీతలుంటాయి.
ఆయనది నున్నగా పడింది,
అచ్చుకి పోసినట్టు.

"సరిపోయిందా?"
మిషన్ని అడిగినట్టు నన్నడిగాడు.

"తడి ఆరనీ" అన్నాను.