గొట్టా గేట్లెత్తిన వారం

బుధవారం రాత్రి బూందీ తిండి ముట్టలేదు.
రొయ్యముక్క మూతిదాకా వచ్చి, తగిలి,
తిరగబడి అడుక్కి పోయింది.
అది చూడను కూడా చూడలేదు.

పద్దెనిమిదేళ్లుగా శ్రీకాకుళం నెత్తురు చదువుతున్నవాణ్ణి.
ఏడురోడ్ల జంక్షన్ వెనక మా ల్యాబులో
మలేరియా ఉంగరాన్ని
టీ చల్లారేలోపు పట్టుకుంటాను.
బొటనవేలంత చేపకి ఏమైందో
నాకు తెలీదు.

టార్చి వేసి పక్కనుంచి చూశాను.
ఉప్పుగల్లు అంటినట్టు మచ్చలుంటే ఒక జబ్బు.
గంధం పూసినట్టుంటే ఇంకోటి, అది రెండ్రోజులు కూడా ఆగదు.
వెన్న కరిగినట్టు ఒంటిమీద జిగురు జారుతుంటే మూడోది.
మచ్చ కనిపించింది!
అద్దానికి అంటుకున్న గాలిబుడగ.
తుడిచి మళ్లీ చూశాను.
నారింజ రంగు, మూడు తెల్లచారలు, అంతే.

మొప్పలు లెక్కపెట్టాను.
నిమిషానికి నూట నలభై.
ఇంకో నిమిషం, నూట నలభై ఆరు.
"అంత ఆయాసమొస్తే మనిషినైనా రిమ్స్‌కి తీసుకెళ్తారు"
అంది సత్యవేణి, ఎగతాళిగా కాదు.

రాగిమందు సీసా తీశాను.
రాగిచెంబులో నీళ్లు మంచివని మా నాన్న రోజూ తాగేవాడు.
ఇక్కడ ఆ రాగే ఒక్క చుక్క చాలు,
రాతిసందులో చారలరొయ్య తెల్లారేసరికి తేలుతుంది.
మూత తిప్పి, మళ్లీ బిగించాను.
జబ్బు పేరు తెలీకుండా మందు రాసేవాళ్లని
నేను రోజూ తిట్టుకుంటాను కదా.

గురువారం రొయ్య కదల్లేదు.
మందు వెయ్యకుండానే.
చేటంత విచ్చుకునే సముద్రపు పువ్వు
ఎండు నిమ్మకాయలా ముడుచుకుంది.
చేప జబ్బు పువ్వుకెలా అంటుతుంది?
అక్కడ ఆగాల్సింది నేను.
ఆగలేదు. ఉప్పు కొలిచే ముల్లు చూశాను,
ఉండాల్సిన చోటే ఉంది.
'నీళ్లు బాగున్నాయి' అని డైరీలో రాశాను.

హిమజ అద్దానికి ముక్కు ఆనించి
"బూందీకి బ్లడ్ టెస్టు చెయ్యవా నాన్నా" అంది.
నా సూదికన్నా సన్నం తల్లీ, దాని నరం.

శుక్రవారం పొద్దున్న ఎల్లాజీ వచ్చాడు, నెల డబ్బులకి.
కళింగపట్నం నుంచి పదిహేను రోజులకోసారి
మోపెడ్ మీద రెండు డబ్బాల సముద్రం తెచ్చేది అతనే.
తొట్టెకేసి చూసి చెప్పులు విప్పాడు.
వేలు ముంచి నాలిక్కి రాసుకున్నాడు.
మళ్లీ దోసిట్లో తీసి పుక్కిలించి
కిటికీలోంచి ఉమ్మేశాడు.

"ఇది సంద్రం కాదు బావూ, ఏరు."
నువ్వు తెచ్చిందే కదా, అన్నాను.
"నానేటి తెచ్చినాను? నాకు జొరం.
మా గుంటడు తెచ్చినాడు.
లోపలికెల్లకుండా మొగ కాడే ముంచేసినాడు ఎదవ.
గొట్టా గేట్లెత్తినారు గదా,
వొంశధారంతా వొచ్చి మా కాడే పడతంది. ఒకటే ఎర్రమన్ను.
సేపలన్నీ లోనకెలిపోనాయి.
ఈటికి, పాపం, ఎల్డానికి తోవేది?"

ఆ జ్వరం పేరు నాకు తెలుసు.
పోయినవారం అతని స్లైడు చదివింది నేనే.
గొట్టా వార్తా చదివాను,
ఆదివారం పేపర్లో, ఎన్నివేల క్యూసెక్కులో కూడా.
పేపరు మడిచి పక్కన పెట్టి
ఆ మధ్యాహ్నమే తొట్టెలో కొత్తనీరు పోశాను.

ముల్లు బయటికి తీసి వెలుతురుకి పట్టాను.
దాని కడుపు కింద ఆవగింజలో సగం బుడగ,
ముల్లుని భుజానెత్తుకుని ఉంది.
గోటితో మీటి మళ్లీ ముంచాను.
ముల్లు జారింది, ఇంకా జారింది,
రాసుకోడానికి సిగ్గేసే అంకె దగ్గర ఆగింది.

చీకటి పడ్డాక పడవల దగ్గర్నుంచి మూడు డబ్బాలొచ్చాయి,
పది బారల లోతునీరు, నీలంగా, చల్లగా.
ఒక్కసారి పొయ్యకూడదు.
ల్యాబు నుంచి సెలైన్ గొట్టం తెచ్చి కట్టి
చిన్నచక్రం తిప్పి
సెకనుకో చుక్క, తెల్లార్లూ.

శనివారం నూట పద్దెనిమిది.
ఆదివారం నూట రెండు.
పువ్వు సగం విచ్చుకుంది.
రొయ్య లేదు. రాయి కింద ఒక మీసం దొరికింది.

పళ్లు తోముకోకముందే ఇప్పుడు రోజూ
వేలు ముంచి నాలిక్కి రాసుకుంటున్నాను.
ఉప్పు అని తప్ప ఏమీ తెలీదు.
"మీకు రాదులే బావూ,
కుళాయినీల్లు తాగి పెరిగినోలు" అంటాడు ఎల్లాజీ.

బూందీ ఇంకా తినలేదు.
రొయ్యముక్క పక్కనుంచి జారిపోతుంటే
కన్ను మాత్రం తిప్పింది.