ఎంటర్: ఆలోచించి

మలక్‌పేట కరెంటాఫీసు, రెండో అంతస్తు.
పొద్దున పదిన్నరకు అటెండర్ వచ్చి
నా టేబుల్ మీది రిజిస్టర్లు ఎత్తుకపోయిండు.
వాటి కింది చెక్క
ఎండ తగలని ఒళ్ళు లెక్క లేతగ ఉన్నది.
సరిగ్గ ఆ జాగలనే ట్యాబ్ పెట్టిండు జునైద్.

ఇరవై మూడేండ్ల పిలగాడు. ఔట్‌సోర్సింగ్.
"భయపడకండి మేడమ్, ఏం పాడు కాదు."
అది పాడైతదని కాదు బాబూ నా భయం.

తొంభై ఆరుల అమీర్‌పేట ఆర్నెల్ల కోర్సు చేసి
ఈ ఆఫీసుకు మొదటి కంప్యూటర్‌తోని వచ్చింది నేనే.
వీరమల్లయ్య సారు మౌసును పైకెత్తి
తెరకు ఆనిచ్చిండు.
నేనూ అనసూయా కొంగు అడ్డం పెట్టుకొని నవ్వినం.
ఆయన ఏమనలే.
నిద్రపోయిన పిల్లను పండవెట్టినట్టు
మౌసును మెల్లగ కింద పెట్టి
అద్దాలు తుడుసుకున్నడు.

రిటైరైనంక ఆయన డ్రాయర్ల దొరికినయి,
బస్సు టికెట్ల వెనక, గుండ్రటి అక్షరాలు:
ఎఫ్ టూ: దాచుట.
ఎస్కేప్: బయటపడుట.
ఎంటర్: ఆలోచించి.

ఇప్పుడు నా పర్సుల గ్యాస్ రశీదు వెనక:
ఎడమకు జరిపితే పోతది.
పోతే పరేషాన్ కావొద్దు, జునైద్‌ను పిలువు.

నా వేలు తెరకు ఆనదు.
మూడుసార్లు ఒత్తిన. నాలుగోసారి
పేజీ తిప్పే అలవాటుల
వేలు నాలుకకు అద్దుకున్న.
తెర ఒప్పుకున్నది.
జునైద్ ఫ్యాను దిక్కు చూసి నవ్వు ఆపుకున్నడు.
నాకు కనపడ్డది.
ఆపుకున్నడు గదా, గది సాలు.

మధ్యాహ్నం చాదర్‌ఘాట్ ఇస్త్రీ దుకాణమాయన వచ్చిండు.
బిల్లు తొమ్మిదివేలు. ట్యాబ్‌ల ఆ ఇల్లే లేదు.
జునైద్ వెతికిండు, మళ్ళ వెతికిండు, చెవులు ఎర్రబడ్డయి.
"ఆ గల్లీకి రెండుసార్లు నంబర్లు మార్చిన్రు,
పాత నంబరు కొట్టు" అన్న.
దొరికింది. బిల్లు పక్కింటోళ్ళది.
"మీకెట్ల యాదికున్నది మేడమ్?"
యాదికి లేదు. ఆ పేజీ మీద చాయ్ పడ్డది, గందుకే.
"ఆ రిజిస్టరు నాకు చూపిస్తరా?"

స్టోర్ రూం తాళంచెవి నా దగ్గరనే ఉన్నది.
ఎవ్వలు అడగలే, నేను ఇయ్యలే.

ఐదుంబావుకు కంప్లయింటు మూసిన,
ఎంటర్ మీద కొంచెం సేపు ఆగి.
పచ్చటి టిక్కు పడ్డది.
అయినా నమ్మకం కుదరక
డైరీల కూడ రాసుకున్న, తారీఖు వేసి, కింద గీత గీసి.

జునైద్ చూసిండు.
చూడనట్టే కిటికీలకెల్లి ఒంగి
కింద డబ్బాల రెండు చాయ్ చెప్పిండు.